సంతలో అమ్మిన గొర్రె ఏ లెక్కలోకి వస్తుంది?

పశువైద్యుడి జవాబులు

ఈ నెల వచ్చిన జాబుల్లో పాల దిగుబడి గురించి అడిగినవి రెండే. మిగతావన్నీ మేత లేదని, మంద పడిపోతోందని, ఎవరిని అడగాలో తెలియడం లేదని. ముప్ఫై ఒక్క ఏళ్లు రాయలసీమలో ప్రభుత్వ పశువైద్యుడిగా పనిచేసి విరమించినవాణ్ని. ఆ బల్లకు అవతల నేనూ కూర్చున్నాను కాబట్టి అక్కడ జరిగే మంచీ చెడూ తెలిసే రాస్తున్నాను. జాబులను కొంత కుదించాను. ఎవరి పేరూ, ఊరూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారూ, మాకు 64 గొర్రెలు ఉండేవి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సరైన వాన లేదు. మంద ఎముకల గూడైంది. అక్టోబరులో ముసురు పట్టింది. పది రోజులు తిరగక ముందే మూతులు వాచి, నోట్లో పుండ్లు పడి, కుంటుతూ 15 గొర్రెలు చనిపోయాయి. భయపడి ఇంకో 20 సంతకు తోలి వచ్చిన ధరకు ఇచ్చేశాం. డాక్టరు వచ్చేసరికి చచ్చినవాటిని వంకలో పడేశాం. మాది కరువు మండలం కదా, సాయం రాదా అంటే ‘ఇవి రోగంతో పోయాయి, కరువుతో కాదు’ అన్నారు. మా గొర్రెలను చంపింది ఏది?
— ఒక గొర్రెల కాపరి, అనంతపురం జిల్లా

జవాబు: తమ్ముడూ, రెండూ చంపాయి. కానీ కాగితంలో కారణం రాయడానికి ఒకటే గడి ఉంటుంది. మీ కష్టమంతా ఆ గడి దగ్గరే ఆగిపోయింది.

మీరు రాసిన లక్షణాలు నీలి నాలుక వ్యాధివి. మూతివాపు అని కూడా అంటారు. ఇది గొర్రె నుంచి గొర్రెకు తాకితే రాదు. దోమ కన్నా సన్నగా, కంటికి సరిగా ఆననంత చిన్నగా ఉండే ఒక కుట్టే పురుగు మోసుకొస్తుంది. తడి నేలలో, పేడ కలిసిన బురదలో పెరుగుతుంది. అందుకే దక్షిణాదిన ఈశాన్య రుతుపవనాల ముసురులోనే ఈ జబ్బు విరుచుకుపడుతుంది. ఇక కరువు సంగతి. నాలుగు నెలలు అర్ధాకలితో ఉన్న గొర్రెకు రోగాన్ని తట్టుకునే శక్తి మిగలదు. కడుపులో నట్టలు ఉన్న కాస్త రక్తాన్నీ పీలుస్తాయి. ఎదురుచూసిన వాన పడే వేళకు గొర్రె నిలబడలేని స్థితిలో ఉంటుంది. పురుగు కుట్టడం ఆఖరి దెబ్బ మాత్రమే.

ఇప్పుడు నిబంధన చూడండి. విపత్తు సాయానికి కేంద్రం 2022–26 కాలానికి ఇచ్చిన లెక్క ప్రకారం చనిపోయిన గొర్రెకు, మేకకు 4,000 రూపాయలు, పాడి గేదెకు, ఆవుకు 37,500. ఒక కుటుంబానికి మూడు పెద్ద పశువులు లేదా 30 జీవాలు (గొర్రెలు, మేకలు) హద్దు. మీ 15 గొర్రెలూ వరదలో కొట్టుకుపోయి ఉంటే 60,000 రూపాయలు అడిగే హక్కు మీకు ఉండేది. అవే గొర్రెలు నాలుగు నెలలు ఆకలితో నీరసించి నీలి నాలుకతో పోయాయి కాబట్టి ఆ పద్దు మీకు తెరుచుకోదు. రోగంతో పోయినవాటికి బీమా చూసుకోవాలి. మీ జాబులో బీమా మాట లేదు. ఉండి ఉండదు.

ఇక సంతకు తోలిన 20 గొర్రెలు. మీ జాబులో నన్ను ఎక్కువ బాధపెట్టినవి అవే. చచ్చినవాటి గురించి ‘రోగం’ అనో ‘కరువు’ అనో ఎవరో ఒకరు రాసుకుంటారు. అమ్మిన 20 గురించి ఎవరూ ఏమీ రాయరు. చూడి గొర్రెను మాంసం ధరకు ఇచ్చినవాడు మందను మళ్లీ నిలబెట్టుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. కరువు నివేదికల్లో పంట నష్టం ఎకరాల్లో ఉంటుంది, తాగునీటి కొరత ఊర్ల లెక్కన ఉంటుంది. సంతలకు మామూలు కన్నా ఎన్ని జీవాలు ఎక్కువ వచ్చాయో, ధర ఎంత పడిందో రాసే వరుసను నా సర్వీసులో ఒక్క నివేదికలోనూ చూడలేదు. సంత చీటీలు పంచాయతీల దగ్గరే ఉంటాయి. వాటిని వారం వారం చూస్తే కరువు ఎక్కడ ముదురుతోందో వానమాపకం కన్నా ముందే తెలుస్తుంది. కాపరి చూడి గొర్రెలను తోలుకొచ్చాడంటే ఇంట్లో ఇక మేత లేదన్నమాట. ఈ మాట ఉద్యోగంలో ఉండగా సమావేశాల్లో రెండుసార్లు అన్నాను. ఇంకా గట్టిగా, రాతపూర్వకంగా అనవలసింది.

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు సుమారు 7.4 కోట్లు. వాటిలో దాదాపు సగం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనే ఉన్నాయి. అయినా కరువు అనగానే మన ఆలోచన ఆవులకు మేత పెట్టే శిబిరం దాకా వెళ్లి అక్కడే ఆగిపోతుంది. శిబిరంలో చిన్న జీవానికి రోజుకు 45 రూపాయలు ఖర్చు చేయవచ్చని అదే నిబంధన చెబుతోంది. గొర్రెల కోసమని శిబిరం పెట్టడం మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. గొర్రె తిరిగి మేసేది కాబట్టి తన మేత తానే వెతుక్కుంటుందన్న భావం ఒకటి మా శాఖలోనే పాతుకుపోయి ఉంది. బీళ్లు మాడిపోయిన ఏడాది అది ఏం వెతుక్కుంటుంది?

మిగిలిన 29 గొర్రెల మాట చూద్దాం. సాయంత్రం చీకటి పడే వేళకు దొడ్డి చుట్టూ వేపాకు పొగ వేయండి. నీళ్ల తొట్టి చుట్టూ బురద లేకుండా చూడండి. జబ్బు గొర్రెను ఎండలో నడిపించకండి. పొటాషియం పర్మాంగనేటు లేత గులాబీ రంగుకు కలిపి మూతి కడగండి, ముక్కు చుట్టూ కట్టిన పక్కులను తడిపి మెల్లగా తీయండి. పుండ్ల మీద బోరోగ్లిజరిన్ రాయండి. నాలుక వాచిన గొర్రె గడ్డి నమలలేదు. ఆకలి చచ్చిందని మనం అనుకుంటాం, కానీ దానికి నోరు పనిచేయదు, అంతే. పలుచటి రాగి గంజి, గోరువెచ్చగా, చేత్తో కొద్దికొద్దిగా పట్టండి. తల పైకెత్తి పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ గంజి పట్టే ఓపిక ఉన్న ఇళ్లలో సగం చావులు తప్పడం నేను కళ్లారా చూశాను. గంజి పట్టేది చాలావరకు ఇంట్లో ఆడవాళ్లే.

టీకా ఉంది. హైదరాబాదులోనే తయారవుతుంది. ఐదు రకాల నీలి నాలుక వైరస్‌ల మీద పనిచేస్తుంది. ప్రపంచంలో ఈ వైరస్ రకాలు ఇరవైకి పైనే ఉన్నాయి కాబట్టి పూర్తి హామీ ఇవ్వలేను, కానీ వేయించిన మందలో నష్టం తగ్గుతుంది. ముసురుకు ముందే, జూలై ఆగస్టుల్లో వేయించాలి. దానికి రెండు వారాల ముందు నట్టల మందు తాగించాలి. ఎముకలు తేలిన గొర్రెకు టీకా వేసినా ఒంట పట్టదు. అందుకే కరువు ఏడాది మేతా టీకా రెండూ కలిసి రావాలి. ఒకటి మేలో, ఇంకొకటి నవంబరులో వస్తే రెండూ వృథా.

మళ్లీ ఇలా జరిగితే, జరగకూడదనే కోరుకుంటాను, మొదటి గొర్రె పోయిన రోజే 1962కు ఫోను చేయండి. రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాల నంబరు అదే. చెవికి వేసిన నంబరు పోగు కనబడేలా ఫొటో తీయండి. డాక్టరు చూసేదాకా కళేబరాన్ని కుక్కలు ముట్టకుండా కంప కప్పి ఉంచండి. వంకలో మాత్రం వేయకండి. ఆ నీళ్లు కింది ఊరి మంద తాగుతుంది.

ప్రశ్న: సాయంత్రం బాగా మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి ఉంది. ముక్కు నుంచి నల్లటి రక్తం. మా ఊళ్లో కోసి పంచుకుంటామంటున్నారు. బాగా ఉడికిస్తే ఏమీ కాదంటున్నారు. బీమాకు పోస్టుమార్టం కావాలి కదా, కోయించవచ్చా?
— ఒక విద్యార్థి, కర్నూలు జిల్లా

జవాబు: కోయకండి, కోయనివ్వకండి. అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. ముక్కు, మలద్వారాల నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే ముందు దాన్నే అనుమానించాలి. గాలి తగలగానే ఆ సూక్ష్మజీవి గట్టి పెంకు కట్టుకుని మట్టిలో దశాబ్దాల పాటు బతుకుతుంది. కోసినవారికి, చర్మం ఒలిచినవారికి, తిన్నవారికి కూడా సోకుతుంది. చేతి మీద నొప్పి లేని నల్లటి పుండు లేస్తే వెంటనే పెద్దాసుపత్రికి పంపండి.

బీమా సంగతి: దొమ్మ అనుమానం ఉన్నప్పుడు పోస్టుమార్టం చేయకూడదని పశువైద్యుడికి తెలుసు. చెవి సిర నుంచి ఒక చుక్క రక్తం గాజు పలక మీద తీసి పరీక్షకు పంపుతారు. ఆ ఫలితాన్ని జతచేసి క్లెయిము పెట్టమని అడగండి. ఆరడుగుల లోతు గొయ్యి, కింద పైన సున్నం, పైన ముళ్లకంప. కరువులో ఈ రోగం ఎక్కువగా బయటపడటానికి కారణం ఉంది. గడ్డి పొట్టిదైపోతే గొర్రె వేర్ల దాకా, మట్టితో సహా కొరికి తింటుంది. జబ్బు దాగి ఉన్నది ఆ మట్టిలోనే.

ఈ జాబుకు పత్రిక దాకా ఆగకుండా ఫోనులోనే జవాబు చెప్పాను. మిగతా పాఠకుల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

ప్రశ్న: నేను గ్రామ స్థాయిలో పశుసంవర్ధక సహాయకుడిగా చేరి రెండేళ్లయింది. రోగం వచ్చాక టీకాలు వస్తాయి, పశువులు చచ్చాక అధికారులు వస్తారు అని రైతులు మా ముఖం మీదే అంటారు. తల దించుకుంటున్నాను. ప్రభుత్వం ఏ రోగాన్నైనా నిజంగా అంతం చేసిందా?
— పేరు వద్దన్న ఉద్యోగి, వైఎస్సార్ కడప జిల్లా

జవాబు: చేసింది. మీ తాతగారిని ‘పెద్దరోగం’ అంటే ఏమిటో అడగండి. ఆ మాట వింటూనే ముఖం మారుతుంది. ముసర అని కూడా అనేవారు. వారం రోజుల్లో ఊరి పశువులన్నీ పోయేవి, ఎద్దులు లేక పొలాలు బీడు పడేవి. 1954లో దేశవ్యాప్త నిర్మూలన మొదలుపెట్టారు. మన దేశంలో ఆఖరి కేసు 1995లో. 2006లో మన దేశానికి రోగరహిత గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. మనుషుల మశూచి తర్వాత భూమి మీద నుంచి తుడిచిపెట్టిన రెండో రోగం అది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సైకిలు క్యారియరుకు ఐసు ఫ్లాస్కు కట్టుకుని తెల్లవారుజామున ఊర్లకు పోయేవాళ్లం. ఎండ ఎక్కితే టీకా చెడిపోతుందని మాకు భయం. ఐసు కరగకముందే ఊరు పూర్తి కావాలి. ఆ తర్వాత ఏళ్ల తరబడి, రోగం ఎక్కడా లేకపోయినా, ‘నోట్లో పుండ్లు, పారుడు ఉన్న పశువు ఉందా’ అని ఇంటింటా అడిగేవాళ్లం. లేదని తెలిసినా అడగడం ఆపలేదు. రోగం పోయింది ఆ పట్టుదల వల్లనే.

నోటికి, గిట్టలకు పుండ్లు వచ్చే గాలికుంటును 2030 నాటికి లేకుండా చేయాలని 2019 సెప్టెంబరులో జాతీయ కార్యక్రమం మొదలైంది. గాలికుంటుకు, చూడి నిలవక ఈసుకుపోయే జబ్బు బ్రూసెల్లోసిస్‌కు కలిపి ఐదేళ్లకు 13,343 కోట్లు కేటాయించారు. గాలికుంటుకు ఆరు నెలలకోసారి టీకా, చెవికి పన్నెండు అంకెల పోగు. ఇది మంచి పని. మనస్ఫూర్తిగా అంటున్నాను. లంపీ చర్మవ్యాధి విషయంలో మాత్రం వెనకబడ్డాం. 2019లో ఒడిశాలో కనిపించింది. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో ఆవులు గుట్టలుగా పడేదాకా దేశం పూర్తిగా కళ్లు తెరవలేదు. మేకల మశూచి టీకాతో నెట్టుకొచ్చాం. మన శాస్త్రవేత్తలు సొంత టీకాను ఆ ఆగస్టులో చూపించారు. మధ్యలో మూడేళ్లు ఉన్నాయి.

మీరు తల దించుకోవలసింది ఏమీ లేదు. టీకా వేయని పశువుకు వేసినట్టు పుస్తకంలో రాయమని ఎవరైనా ఒత్తిడి చేస్తే మాత్రం రాయకండి. ఇది ఒక్కటే మిమ్మల్ని కోరుతున్నాను. 80 వేసి 100 రాస్తే, ఆ మిగిలిన 20 పశువుల నుంచే రోగం తిరిగి లేస్తుంది. అప్పుడు టీకాయే పనిచేయదని రైతు అనుకుంటాడు.

ప్రశ్న: వానలు లేక జొన్న మోకాలెత్తులో ఆగిపోయింది. మొన్న జల్లు పడ్డాక మొదట్లో పచ్చటి పిలకలు వచ్చాయి. పశువులను వదలవచ్చా?
— ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: వదలకండి. అది నాము. బెట్టకు ఎదుగుదల ఆగిన జొన్నలో, కొత్త పిలకల్లో సైనైడు విషం ఉంటుంది. నాలుగు గుక్కలు మేసిన పశువు గట్టు దాటేలోపే పడిపోవచ్చు. పూత వచ్చాక కోసి, బాగా ఎండబెట్టి వేయండి. పొరపాటున మేసి తూలుతుంటే క్షణం ఆగకుండా డాక్టరుకు ఫోను చేయండి. సిరలోకి సోడియం థయోసల్ఫేట్ ఎక్కిస్తే బతికే అవకాశం ఉంది. ఆ మందును జొన్న వేసే ఊర్ల కేంద్రాల్లో ఈ కాలంలో నిలవ ఉంచమని మీ మండల పశువైద్యుడికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: అయ్యా, నాకు రెండు గేదెలు. ఒకటి పాలిస్తోంది, ఒకటి ఏడో నెల చూడి. వేరుశనగ చేతికి రాలేదు కాబట్టి మేతకు వేసే వేరుశనగ కట్టె కూడా లేదు. వరిగడ్డి కొందామంటే ట్రాక్టరు ధర విని వెనక్కి వచ్చాను. చూడి గేదెను సంతకు తోలమని మా బావగారు అంటున్నారు. శిబిరం పెడతారని విన్నాను, ఎప్పుడు పెడతారో ఎవరూ చెప్పరు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: అమ్మా, మీ బావగారిది తప్పు మాట కాదు, భయం మాట. అయినా చూడి గేదెను అమ్మవద్దు. మూడు నెలల్లో ఈనుతుంది. ఇప్పుడు అమ్మితే తల్లి ధర రాదు, దూడ ధర అసలే రాదు.

శిబిరం గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మండలాన్ని కరువు మండలంగా ప్రకటించాకే ఆ నిధి కదులుతుంది. 2022–26 నిబంధనల ప్రకారం పెద్ద పశువుకు రోజుకు 80 రూపాయల వరకు మేతకు, నీళ్లకు, మందులకు అనుమతి ఉంది. గేదెకు పది కిలోల ఎండుమేత కావాలి. గడ్డి కిలో పది రూపాయలైతే మేతకే వంద. ఆ లోటు వల్లనే కొన్ని శిబిరాల్లో అడుగుబొడుగు గడ్డి దిగుతుంది. 2003 వేసవిలో నేను బాధ్యత చూసిన ఒక శిబిరానికి గడ్డి లారీ పన్నెండు రోజులు ఆలస్యంగా వచ్చింది, సగం బూజు పట్టి వచ్చింది. ఆ రోజుల్లో ఒక పెద్దాయన పదకొండు కిలోమీటర్లు నడిపించి ఎద్దుల జత తెచ్చాడు. పేరు రాసుకుంటుంటే ఎడమటెద్దు ఆయన చొక్కా భుజం నాకుతూనే ఉంది. చెమట ఎండి తెల్లగా ఉప్పు చార కట్టిన చోటును వదలడం లేదు. ఆయన కదలకుండా నిలబడ్డాడు. ‘నాకనీ సార్, వీటికి ఉప్పు పెట్టి నెలైంది’ అన్నాడు. గడ్డి గురించి మేం ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాం గానీ, ఉప్పు అంగట్లో దొరుకుతుందన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. ఆ సాయంత్రమే రెండు బస్తాలు తెప్పించాను. ఆ చార ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అందుకని మొదట మీ చేతిలో ఉన్నది. గేదెకు రోజుకు 30 గ్రాముల ఉప్పు, 30 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం మానకండి. గడ్డి పూర్తిగా దొరక్కపోయినా చూడి గేదెకు ఐదారు కిలోల ఎండుగడ్డి, కిలో ఒకటిన్నర దాణా ఉంటే ఈ గడ్డుకాలం దాటుతుంది. అవిసె, సుబాబుల్, రావి ఆకు కలపండి. సుబాబుల్ మేతలో మూడో వంతు మించనివ్వకండి. ముగ్గురు నలుగురు కలిసి ఒక ట్రాక్టరు వరిగడ్డి తెచ్చుకోగలిగితే యూరియాతో మాగబెట్టండి: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి పోకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచాలి. తీశాక కాసేపు ఆరబెట్టి వేయాలి. ఆరు నెలల లోపు దూడకు పెట్టవద్దు. యూరియా నీళ్లు గేదె తాగేలా ఎక్కడా వదలవద్దు, ప్రాణం పోతుంది.

రెండోది, అడగవలసినది. శిబిరానికి గేదెను తోలుకుని పోవడం మీలాంటి రెండు గేదెల ఇంటికి కష్టం. పాలు పోసేదెవరు, రాత్రి కాపలా ఎవరు? శిబిరం బయట ఉన్న పశువులకు మేతను ఊరికి చేరవేసే రవాణా ఖర్చు కూడా ఆ నిబంధనల్లో ఉంది. దాన్ని అడిగేవాళ్లు తక్కువ. సోమవారం కలెక్టరు కార్యాలయంలో అర్జీలు తీసుకునే చోట, ఊరి పాడి రైతులు పదిమంది సంతకాలతో, పశువుల చెవి పోగు నంబర్లు రాసి, ‘మా ఊరికే మేత చేర్చండి’ అని ఇవ్వండి. రసీదు తీసుకోండి. ఒక ప్రతి పశువైద్యశాలలో ఇవ్వండి. శిబిరం ఎప్పుడని అడిగితే ‘పై నుంచి రావాలి’ అంటారు. నంబర్లతో అర్జీ ఇస్తే జవాబు రాతలో ఇవ్వక తప్పదు.

బీమా కూడా ఇప్పుడే చేయించండి. జాతీయ పశుసంపద పథకంలో 2024 నుంచి ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే. మొదటి రెండు మూడు వారాల్లో జబ్బుతో పోతే ఇవ్వని షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. అందుకే ముసురు పట్టకముందే ముగించండి.

అర్జీ నకలు ఒకటి నాకూ పంపండి. నెలలోగా కదలిక లేకపోతే ఈ పేజీలోనే దాని గురించి రాస్తాను. గేదె ఈనిన తర్వాత కూడా ఒక ఉత్తరం రాయండి, దూడ ఆడదో మగదో.